చెంప కొట్టుకునే అమ్మాయి: అతి తీవ్ర మేధో వైకల్యానికి ఊళ్లో అందిన సేవలు, అందనివి

ఈ కేసు కోస్తా ఆంధ్రలోని ఒక చేనేత గ్రామానిది. 2022 జూలై నుంచి 2025 వేసవి వరకు, అంటే ఆ అమ్మాయికి పదహారో ఏట నుంచి పంతొమ్మిదో ఏడు వరకు, నేను ఆ ఇంటికి వెళ్తూ వచ్చాను. మొదటి రెండేళ్లు వైకల్యం ఉన్న పిల్లల కోసం విద్యాశాఖ నడిపే మండల భవిత కేంద్రంలో సహిత విద్యా రిసోర్స్ పర్సన్ హోదాలో వెళ్లాను. ఆమెకు పద్దెనిమిది నిండాక ఏ హోదా లేకుండానే వెళ్లాను. తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. ఇంట్లో పిలిచే పేరును మార్చి చిట్టి అన్నాను, ఊరి పేరు రాయలేదు.

చిట్టి పుట్టగానే ఏడవలేదు. రెండో రోజు నుంచి మూర్ఛలు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ), దానితో పాటు అతి తీవ్ర మేధో వైకల్యం. అప్పట్లో అమల్లో ఉన్న 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకోగలరో కొలిచే వైన్‌లాండ్ సామాజిక పరిణతి మాపనిలో 0 నుంచి 20 లోపు వచ్చినవారిని ఈ వర్గంలో చేర్చి, వైకల్యాన్ని నూరు శాతంగా లెక్కించేవారు. చిట్టి సామాజిక వయసు ఏడాదికి లోపే వచ్చింది. మాట లేదు. ఆధారం లేకుండా కూర్చోలేదు. తినిపించాలి, పక్క తిప్పాలి, శుభ్రం చేయాలి. నేను మొదటిసారి చూసినప్పుడు బరువు 24 కిలోలు. తండ్రి గుంట మగ్గం మీద చీరలు నేస్తారు, తల్లి కండెలు చుడతారు, నాయనమ్మ ఇంట్లోనే ఉంటారు, తమ్ముడు అప్పటికి తొమ్మిదో తరగతి.

ఊరి బడి రిజిస్టరులో చిట్టి పేరు ఉంది. బడికి రాలేని పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం కింద గృహ ఆధారిత విద్య ఉంటుంది కాబట్టి, నాకు ముందు పనిచేసిన రిసోర్స్ పర్సన్ కూడా శనివారాలు వెళ్లేవారు. ఆయన రాసిన ఫైలు నాకు అందింది. అందులో చివరి మాట: 'తనను తాను గాయపరుచుకునే ప్రవర్తన, దృష్టిని ఆకర్షించడం కోసం. పట్టించుకోవద్దని తల్లికి సూచించాను.' తల్లి నన్ను అడిగిందీ దాని గురించే. "మేడమ్ గారూ, రోజంతా చెంప కొట్టుకుంటోంది, వాచిపోయింది చూడండి. నిద్రపోయే మందేదైనా రాయించండి."

మూడు వారాలు పోగొట్టిన తప్పు

ఆ ఫైలును నేను కూడా నమ్మాను. మా శిక్షణలో సమస్యా ప్రవర్తనలకు నేర్పిన పద్ధతి ఒకటుంది: ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, ప్రవర్తన ఏమిటి, తర్వాత ఎదుటివాళ్లు ఏం చేశారు అని మూడు గళ్లలో రాసుకోవడం. పద్ధతి మంచిదే. కానీ నేను మూడో గడి మీదే చూపు పెట్టాను. చిట్టి కొట్టుకోగానే తల్లి మగ్గం గదిలోంచి పరుగెత్తుకొస్తున్నారు కాబట్టి, తల్లి రావడమే బహుమానమై ప్రవర్తనను పెంచుతోందనుకున్నాను. కొట్టుకోనప్పుడు ఎక్కువసేపు దగ్గర కూర్చోమని, కొట్టుకున్నప్పుడు చెయ్యి పట్టుకుని ఆపడం తప్ప మాట్లాడవద్దని చెప్పాను. మూడు వారాల తర్వాత దెబ్బలు తగ్గలేదు సరికదా, తల్లి మొహం చూడటం నాకు కష్టమైంది.

తర్వాత కాగితాలన్నీ నేల మీద పరిచి మొదటి గడిని చదివాను. దెబ్బలు రెండు వేళల్లోనే గుంపుగా పడుతున్నాయి. అన్నం తిన్న పది నిమిషాల లోపు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. కొట్టుకునేది ఎప్పుడూ ఎడమ చెంపే. దృష్టి కోసం కొట్టుకునే మనిషికి ఏ చెంపైతే ఏమిటి? పైగా వేడి పాలు తాగిన రోజున ఎక్కువ. ఈ మాట నాయనమ్మకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "పంటి నొప్పేమోనమ్మా, ఎప్పటి నుంచో అంటున్నా. దానికి నొప్పి ఉండదంట గదా, డాక్టరు చెప్పాడంట."

అలా చెప్పిన డాక్టరు ఎవరో తెలుసుకునే ప్రయత్నం చేయలేదు. అటువంటి అభిప్రాయం ఒక్క డాక్టరుదే కాదు. వైకల్యం ఉన్న మనిషి ఏం చేసినా అది వైకల్యం వల్లేనని సరిపెట్టుకోవడం, మిగిలిన మనుషులకు వెతికే కారణాలను ఆమెకు వెతకకపోవడం మా వృత్తిలోనూ ఉంది. నా ముందున్న ఫైలులోనూ, ఆ తర్వాత నేను రాసిన మొదటి మూడు వారాల పేజీల్లోనూ ఉంది.

నోరు తెరిచి చూడటానికే రెండు సందర్శనలు పట్టాయి. చిగుళ్లు ఉబ్బి పళ్లను సగానికి పైగా కప్పేశాయి. చిట్టి మూడేళ్ల వయసు నుంచి మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతోంది. దీర్ఘకాలం వాడితే చిగుళ్లు పెరగడం ఆ మందుకు బాగా తెలిసిన దుష్ఫలితం. చిగుళ్ల కింద బ్రష్ చేరదు, ఆహారం ఇరుక్కుంటుంది, పళ్లు పుచ్చుతాయి. ఎడమ వైపు వెనక పళ్లు రెండు పూర్తిగా పుచ్చిపోయాయి. పదమూడేళ్ల పాటు నెలనెలా ఆ మాత్రలు అందాయి గాని, ఆ సమయంలో ఎవరూ నోరు చూడలేదు.

తెల్లవారుజాము దెబ్బలకు కారణం వేరు. మలబద్ధకం. నీళ్లు తాగిస్తే పొలమారుతుందని భయపడి తల్లి రోజుకు మూడు గ్లాసులకు మించి ఇవ్వడం లేదు. నాలుగైదు రోజులకొకసారి విరేచనం. ఆశా కార్యకర్త ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని కలిసి, ఆయన రాసిన ఒక సాధారణ మందుతోనూ, నీళ్లను రాగి జావలా చిక్కటి రూపంలో రోజంతా కొద్దికొద్దిగా పట్టించడంతోనూ అది నెల రోజుల్లో దారిలో పడింది.

పళ్ల సంగతి అంత సులువు కాలేదు. చిట్టికి మత్తు ఇవ్వకుండా పళ్లు తీయలేరు, మూర్ఛలూ ఛాతీ ఇన్‌ఫెక్షన్లూ ఉన్న మనిషికి మత్తు ఇవ్వడానికి చిన్న ఆసుపత్రులు ఒప్పుకోవు. మూడు చోట్ల తిరిగి, చివరకు ఒక బోధనాసుపత్రిలో 2023 మార్చిలో మత్తు ఇచ్చి రెండు పళ్లు తీసి చిగుళ్లను సరిచేశారు. అక్కడి నరాల వైద్యులు ఫెనిటాయిన్‌ను నెమ్మదిగా తగ్గించి లెవెటిరాసెటామ్‌కు మార్చారు. మందు మార్పు నా పరిధి కాదు. నేను చేసిందల్లా మూర్ఛ వచ్చిన తేదీ, వేళ, ఎంతసేపు అన్నది తమ్ముడి చేత రాయించి డాక్టరు ముందు పెట్టడం. కొత్త మందుతో కొందరిలో చిరాకు పెరుగుతుందని వారు ముందే చెప్పారు కాబట్టి, ఆ నెలల్లో ఒక్క దెబ్బ పడినా ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడ్డారు.

మేము లెక్క పెట్టిన నోటుపుస్తకం ప్రకారం, 2022 ఆగస్టులో రోజుకు సగటున నలభైకి తగ్గని దెబ్బలు 2023 జూన్ నాటికి ఐదారుకు వచ్చాయి. అవి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నెలసరి రోజుల్లో పెరుగుతాయి.

కాళ్లు చెప్పే మాట

నెలసరి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక విషయం. గర్భసంచి తీయించేయమని దగ్గరి బంధువులు ఇద్దరు తల్లికి సలహా ఇచ్చారు. కాళ్లు బిగుసుకునే మనిషికి గుడ్డ మార్చడం ఎంత కష్టమో ఆ ఇంట్లో చూశాక, ఆ సలహాను దుర్మార్గమని కొట్టిపారేయలేకపోయాను. అయినా అది కూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్ ప్రకారం, స్వేచ్ఛగా తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా సంతానశక్తి పోయే ఏ వైద్య ప్రక్రియా చేయరాదు. 1994లో మహారాష్ట్రలో ప్రభుత్వ వసతి గృహంలోని మేధో వైకల్యం ఉన్న స్త్రీలకు గర్భసంచులు తీయించిన ఘటన దేశమంతా వివాదమైంది. ఆ ఆలోచన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. మేము చేసినవి చాలా చిన్న పనులు: క్యాలెండర్‌లో తేదీలు గుర్తుపెట్టడం, ఆ రెండు రోజులకు డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర, పక్కకు ముడి వేసే లంగా. మూడు నెలల తర్వాత తల్లి ఆ ఊసు ఎత్తలేదు.

ఇక సంభాషణ. ప్రభుత్వ కిట్లలో వచ్చిన బొమ్మల కార్డులతో మొదలుపెట్టి ఆరు వారాలు శ్రమించాను, ఫలితం లేదు. తర్వాత కంటి వైద్యులు పరీక్షించి, చిట్టికి వెలుగూ, కదిలే పెద్ద వస్తువులూ తప్ప మరేమీ కనిపించవని చెప్పారు. కార్డు చూపించే ముందు కన్ను చూపించాలన్న ఇంగితం నాకు ఉండాల్సింది.

దారి చూపింది నాయనమ్మే. ఒక శనివారం నేను అరటిపండు గుజ్జు తినిపిస్తూ చిట్టి మొహంలోకి చూస్తూ, ఇంకా కావాలా వద్దా అని తేల్చుకోలేక ఆగాను. ఆమె తలుపు దగ్గర కూర్చుని అన్నారు: "వద్దనేది అది కాళ్లతో చెబుతుందమ్మా. మీరు మొహం చూస్తారేంది?" నిజమే. వద్దనుకుంటే కుడి పాదం బొటనవేలు పైకి లేస్తుంది, మడమ చాపను రాస్తుంది. పదహారేళ్లుగా ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి, ఒక్క కాగితం మీదా లేదు.

ఆ రోజే ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకంలో మూడు గళ్లు గీశాం. 'చిట్టి ఏం చేస్తుంది', 'దాని అర్థం ఏమని అనుకుంటున్నాం', 'మనం ఏం చేయాలి.' రెండో గడిలో 'అనుకుంటున్నాం' అన్న మాట కావాలని పెట్టాను, ఎందుకంటే ఆ గడిలో మన ఊహను నిజంగా రాసేయడం చాలా తేలిక. నెల రోజుల్లో ముప్పై ఒక్క గుర్తులు చేరాయి. అందులో పంతొమ్మిది నాయనమ్మ చెప్పినవి, ఏడు తమ్ముడివి. నేను పట్టుకున్నది ఒక్కటే: మగ్గం శబ్దం ఆగితే చిట్టి ఊపిరి బిగబడుతుంది. అది భయం అనుకున్నాను, తండ్రి దిద్దారు. మగ్గం ఆగిందంటే తండ్రి లేచి తన దగ్గరికి వస్తాడని ఎదురుచూపట. నాలుగు రోజులు ఆయన చెప్పినట్టు పరీక్షించి చూశాం. మగ్గం ఆగి తండ్రి వస్తే ఊపిరి వదులుతుంది, రాకపోతే రెండు మూడు నిమిషాల తర్వాత మూలుగుతుంది.

దాని మీదనే తర్వాతి అడుగు కట్టాం. మగ్గం గదికి తీసుకెళ్లే ముందు ఖాళీ కండె ఒకటి అరచేతిలో పెట్టడం, స్నానానికి ముందు తడి తువ్వాలు తాకించడం, తినే ముందు చెంచాను దవడకు ఆనించడం. ఏ పనికి ఏ వస్తువో ఎన్నడూ మారకూడదు, పనికి ముందు తప్ప మరెప్పుడూ ఇవ్వకూడదు. తువ్వాలు విషయంలో ఏమీ తేలలేదు. చెంచాకు ఐదు నెలల తర్వాత నోరు తెరవడం మొదలైంది. కండె మాత్రం రెండు నెలలకే అందింది. అరచేతిలో పడగానే తల మగ్గం గది వైపు తిరుగుతుంది. మా శాఖ ఇచ్చే ప్రణాళికా పత్రంలో ఈ ప్రగతిని నమోదు చేసే గడి లేదు. రంగులు గుర్తించడం, అంకెలు లెక్కించడం ఉన్నాయి. 'సాధించలేదు' అన్న మాటలు వరుసగా రాస్తూ పోవాల్సి వచ్చినప్పుడు, రాసేవాళ్లు సందర్శనలు తగ్గించుకోవడంలో వింతేమీ లేదు.

తినిపించడం గురించి కొంత వివరంగా రాస్తాను. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. చిట్టిని తల్లి ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, తల వెనక్కి వాల్చి పలుచటి అన్నం పోసేవారు. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ భంగిమలో ఆహారం ఊపిరితిత్తుల దారి పడుతుంది. అంతకుముందు ఏడాదిలో మూడుసార్లు ఛాతీ ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేర్చారు. భవిత కేంద్రానికి వారానికి ఒకరోజు వచ్చే ఫిజియోథెరపిస్టు కొలతలు ఇస్తే, ఊరి వడ్రంగి పాత టేకు చెక్కతో మూల కుర్చీ చేశాడు. రెండు పలకలు గోడమూలలా కలిసేచోట వీపు ఆనుతుంది, భుజాలు ముందుకు వస్తాయి, ముందు బల్ల. గడ్డం కొద్దిగా కిందికి, చెంచా మొహం ఎదురుగా కాకుండా కింది నుంచి, మింగిందని చూశాకే రెండో ముద్ద, తిన్నాక అరగంట కూర్చోబెట్టడం. చెంచాకు ఐస్‌క్రీం కప్పుతో వచ్చే పలుచటి చెంచా సరిపోయింది. ఆ తర్వాత రెండేళ్లలో ఛాతీ ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రి ఒక్కసారే. 2025 మే నాటికి బరువు 29 కిలోలు.

ఇందులో నష్టపోయింది తల్లి పని. ఒళ్లో పడుకోబెట్టి పోస్తే పదిహేను నిమిషాలు పట్టే భోజనం ఇప్పుడు నలభై నిమిషాలు, రోజుకు మూడుసార్లు. కండెల లెక్కన వచ్చే కూలిలో ఆ మేరకు కోత. నేను చెప్పిన ప్రతి మంచి సూచనా ఆ తల్లి నడుము మీదా, కూలి మీదా పడింది. కేసు నివేదికల్లో ఈ లెక్క కనిపించదు. అదే 2016 చట్టం 24వ సెక్షన్‌లో, అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం గురించి మాట ఉంది. ఆ ఇంటికి మాత్రం దాని కింద రూపాయి రాలేదు.

పద్దెనిమిది నిండిన రోజు

2024 ఆగస్టులో చిట్టికి పద్దెనిమిదేళ్లు నిండాయి. భవిత రిజిస్టరులో పేరు ఆగిపోయింది. పిల్లల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం కూడా పద్దెనిమిదేళ్ల వరకే. ఫిజియోథెరపిస్టు సేవా పోయింది. వైకల్యం మారలేదు, అవసరం మారలేదు. సేవలు మాత్రం బడి వయసుకు ముడిపడి ఉన్నందున ఒక్క తేదీతో ఆగాయి.

మిగిలినవి పింఛను, ధ్రువపత్రం, ఇలాంటి వైకల్యాలు ఉన్నవారి కోసం కేంద్రం ఏర్పాటు చేసిన నేషనల్ ట్రస్ట్. పింఛను అదే ఏడాది జూలై నుంచి 3,000 నుంచి 6,000కు పెరగడం ఆ ఇంటికి నిజమైన ఊరట. మంచానికే పరిమితమైనవారికి ఇచ్చే 15,000 గురించి కుటుంబం ఆశపడింది. ఆ వర్గాన్ని పక్షవాతం వంటి శారీరక స్థితుల ఆధారంగా నిర్వచించారు తప్ప, రోజుకు ఎన్ని గంటల సహాయం కావాలన్నదాన్ని బట్టి కాదు. చిట్టి విషయంలో అది దక్కలేదు. ఈ పనులు చూసే శాఖ పేరు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ. ఆ పేరు పెట్టినవారి మనసు మంచిదే కావచ్చు. దరఖాస్తు మీద ఆ మాట రాస్తూ చిట్టి తండ్రి ఒక్క క్షణం ఆగి నన్ను చూశారు.

మేధో వైకల్య ధ్రువపత్రాన్ని పద్దెనిమిదేళ్లప్పుడు మళ్లీ తీసుకోవాలి, ఆ తర్వాత అది జీవితకాలం చెల్లుతుంది. వైకల్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి స్లాటు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాం.

అసలు చిక్కు మరో పన్ను దగ్గర వచ్చింది. 2024 అక్టోబరులో మళ్లీ మత్తు ఇచ్చి పన్ను తీయాల్సి వస్తే, రోగి మేజరు కాబట్టి చట్టబద్ధ సంరక్షకుల కాగితం తెమ్మన్నారు. పద్దెనిమిదేళ్ల వరకు తల్లిదండ్రులు సహజ సంరక్షకులు. ఆ తర్వాత, మేధో వైకల్యం, మస్తిష్క పక్షవాతం, ఆటిజం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకులను నియమించేది జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీ. దానికి కలెక్టరు అధ్యక్షులు. నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు సభ్యులు. కోర్టుకు వెళ్లనక్కర్లేని, ఖర్చు లేని మార్గం. నేను పద్దెనిమిది ఏళ్లుగా ఈ పనిలో ఉండి, ఆ దరఖాస్తు నింపడం అదే మొదటిసారి. నా పిల్లలంతా పద్దెనిమిదితో నా రిజిస్టరు దాటిపోయేవారు కాబట్టి, ఆ తర్వాతి కాగితం గురించి నేర్చుకునే అవసరమే రాలేదు.

దరఖాస్తు నవంబరులో ఇచ్చాం, ఉత్తర్వు మార్చిలో వచ్చింది. మధ్యలో కమిటీ సమావేశం రెండుసార్లు వాయిదా పడింది. ఆ నాలుగు నెలలు పుచ్చిన పన్నుతోనే గడిచాయి. చెంప దెబ్బలు రోజుకు ఇరవై దాకా పెరిగాయి. ఉత్తర్వు వచ్చాక వారంలో పన్ను తీశారు. సంరక్షకులు నియామకం జరిగిన ఆరు నెలల్లో ఆ వ్యక్తి ఆస్తుల జాబితా ఇవ్వాలి. చిట్టి ఆస్తి ఒక బ్యాంకు పాస్‌బుక్కు, రెండు జతల వెండి పట్టీలు.

నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో కూడా అప్పుడే చేర్చాం. లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు, ఆసుపత్రిలో చేరకపోయినా మందులకూ థెరపీకీ పరిమితుల మేరకు వస్తుంది. అయితే ముందు మనం ఖర్చు పెట్టి, అసలు బిల్లులు పంపితే తర్వాత డబ్బు వస్తుంది. రోజుకూలి ఇంట్లో 'ముందు' అన్న మాటే అడ్డంకి. మందుల షాపతను నెలాఖరు వరకు ఆగడానికి ఒప్పుకోవడంతో బండి నడుస్తోంది.

ఒక గది, ఎనిమిది నెలలు

తల్లికి వారంలో కొన్ని గంటలైనా చేతులు ఖాళీ కావాలన్నది మొదటి నుంచీ నా పట్టుదల. పెద్దవాళ్లయిన ఇలాంటి వ్యక్తులకు పగటి సంరక్షణ కేంద్రం మా మండలంలో లేదు, పక్క మండలంలోనూ లేదు. సికింద్రాబాదులోని జాతీయ మేధో వైకల్య సంస్థ, దాని పర్యవేక్షణలో నెల్లూరులో నడిచే ప్రాంతీయ కేంద్రం, రెండూ మూల్యాంకనానికీ సలహాకూ పనికొస్తాయి గాని, ప్రతి మంగళవారం పొద్దున చిట్టిని చూసుకోవడానికి పనికిరావు.

అదే ఊళ్లో ఇలాంటి ఇళ్లు మరో రెండు ఉన్నాయి. చేనేత సంఘం వాళ్లు పాత నూలు గదిని ఇచ్చారు. మూడు కుటుంబాలు వంతులవారీగా, డిగ్రీ చదువు ఆపేసిన ఒక యువతికి కొంత జీతం ఇచ్చి, వారానికి రెండు ఉదయాలు ఆ గదిలో ముగ్గురినీ ఉంచాం. ఆమెకు నేను ఆరు రోజులు శిక్షణ ఇచ్చాను: మూర్ఛ వస్తే ఏం చేయాలి, ఎలా ఎత్తాలి, ఎలా తినిపించాలి. మిగిలిన శిక్షణ నోటుపుస్తకాలే ఇచ్చాయి. మూడిళ్లకూ మూడు పుస్తకాలు తయారయ్యాయి. తల్లి మొదటి మంగళవారం మూడు గంటల ఖాళీ దొరికితే ఇంటికి వెళ్లి నిద్రపోయానని చెప్పారు.

ఎనిమిది నెలలు నడిచి ఆగింది. ఆ యువతికి పెళ్లి కుదిరి వెళ్లిపోయింది, వానలకు గది కారింది. నేను తప్పు చేసిందిక్కడ కూడా ఉంది: ఒక్కరికే శిక్షణ ఇచ్చాను. ప్రస్తుతం ఒకరి వసారాలో, వారానికి ఒక ఉదయం, నాయనమ్మలు ఇద్దరూ తమ్ముడూ కలిసి చూసుకుంటున్నారు. మరో ఇద్దరికి శిక్షణ మొదలుపెట్టాను. అందులో ఒకరు ఆశా కార్యకర్త కూతురు.

తమ్ముడికి ఇప్పుడు పదిహేడు. తమ తర్వాత అతని పేరు సంరక్షకుడిగా ఉండాలని తండ్రి అంటారు. తల్లి ఏమీ అనరు. నేను అతణ్ని విడిగా కూర్చోబెట్టి అడిగాను. "చూసుకుంటాను మేడమ్. కానీ హైదరాబాదులో ఉద్యోగం వస్తే ఎట్లా?" అన్నాడు. జీవితాంతం ఉండదగిన గృహాల పథకం నేషనల్ ట్రస్ట్‌కు ఉందని చెప్పాను. ఈ చుట్టుపక్కల అలాంటిది ఒక్కటీ చూపించలేకపోయాను. మేజరు అయ్యాక అతనే నిర్ణయించుకుంటాడని, అంతవరకు ఎవరూ ఒత్తిడి చేయవద్దని ఇంట్లో మాట తీసుకున్నాను.

తల్లి నోటుపుస్తకం అట్ట వెనక మూడు తేదీలు రాసుకున్నారు. మార్చి లోపు నిరామయ పునరుద్ధరణ, జూన్ లోపు సంరక్షకుల వార్షిక లెక్కలు, ఆరు నెలలకొకసారి పళ్ల పరీక్ష. మూడోది ఎర్ర ఇంకుతో.